తిరగని పేజీ

ప్రదర్శన తలుపులు ఇంకా తెరవలేదు. పాత పుస్తకాల అట్టలతో కూతురు చేసిన, లెన్సు బదులు సూదిబెజ్జం ఉండే కెమెరాలు బల్ల మీద, పుస్తకాలు చదువుతున్నవాళ్ళని వాటితో తీసిన ఫొటోలు గోడల మీద ఉన్నాయి. తల్లి తన ఫొటో ముందు ఆగిపోయింది.

"వీళ్ళందరి చేతుల్లో పుస్తకాలకి పొగ పట్టిందేంటే?"

"ఒక్కో ఫొటోకి పావుగంట పడుతుందమ్మా. కదిలిందల్లా చెదిరిపోతుంది. చదివేవాళ్ళు పేజీలు తిప్పుతారుగా!"

"మరి నాది?"

"అక్షరాలతో సహా పడింది. భలే కూర్చున్నావులే, బొమ్మలా!"

తల్లి గొంతు తగ్గింది. "దీన్ని తీసెయ్."

"ఎందుకు? అన్నిట్లోకీ ఇదే బాగుంటే!"

"పావుగంటలో ఒక్క పేజీ తిప్పలేదని గోడెక్కించి మరీ చెప్పాలా? నాకు చదువు రాదే. మీ నాన్న కూడా వచ్చనుకునే పోయారు."

రోజూ పుస్తకం ఒళ్ళో పెట్టుకునే అమ్మని చూసి చదువు మీద పడ్డ పిల్ల ఆ కూతురు. "తీసేస్తానమ్మా" అంటూ ఫొటో మీద చెయ్యి వేసింది.

తల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. నన్ను బడి మాన్పించినవాళ్ళకి లేని సిగ్గు నాకెందుకు? ఉండనీ. పక్కన కాస్త చోటు వదులు."

"దేనికి?"

"రేపట్నుంచి నాకు అక్షరాలు దిద్దించు. వచ్చే ఏడు మళ్ళీ తీద్దువుగాని. అందులో నా పుస్తకానికీ పొగ పట్టాలి."