ఈశాన్యంలో ఇనప స్తంభం

1997 నవంబరు, ఒక సోమవారం మధ్యాహ్నం. దక్షిణాఫ్రికాలో స్టాంగర్ దగ్గర చెరుకు తోటల పక్కన గడ్డికప్పు ఇల్లు. అరుగు మీద ఇంటాయన క్రిష్, ఇల్లు తనిఖీకి టౌన్ ఆఫీసు నించి వచ్చిన, ఇండియా నించి ఉద్యోగానికి దిగిన గిరిధరరావు.

"స్తంభం ఎక్కడ బాబాయ్?"

"అదిగో, నీళ్ళ ట్యాంకు పక్కన. కళ్ళెదురుగానే ఉంది గదా."

"అక్కడ కాదు ఉండాల్సింది. ప్లానులో ఇంటి వెనక మూల చూపించారు. ఆ మూల ఇప్పుడు గుంట ఉంది."

"పీకించినాను."

"పిడుగుల స్తంభం పీకించారా?"

"పీకించి ఇక్కడ పాతించినాను. అవతల పారెయ్యలేదు. అదే ఇనుము, అదే పొడుగు, భూమిలోకి దింపిన రాగి తీగ కూడా అదే. రైటు కొట్టీ, టీ తాగి ఎల్లు."

"రైటు కొట్టలేను బాబాయ్. అసలు మీరు..."

"మెల్లిగా. డాలీ పడుకుంది."

"పిన్నిగారికి ఎలా ఉంది ఇప్పుడు?"

"అదీ సెప్తాను. ముందు నీ మాట కానీ."

"మాటేముంది. ఇల్లంతా గడ్డి. కొత్తగా కట్టిన గదీ గడ్డే. గడ్డి ఇంటికి స్తంభం ఉండి తీరాలి, అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. స్తంభం కొన నించి చుట్టూ గొడుగు దిగినట్టు అనుకోండి. ఆ గొడుగు కింద కప్పు మొత్తం రావాలి. ఇప్పుడున్న చోటు నించి మీ వంటిల్లు దాకా వస్తుంది, అంతే. కొత్త గది బయటే. పడకగది బయటే."

"పడకగదంటే డాలీ పడుకున్నది."

"అవును."

"ఊఁ."

"మీకు తెలిసే చేశారా?"

"గొడుగు సంగతి తెలీదు. కదిపితే మంచిది కాదేమోనని మాత్రం తెలుసు. ఊరికే పెట్టరు గదా అంత పొడుగు ఇనుము."

"మరి ఎవడు చెప్పాడండీ మీకు కదపమని? వాడి పేరు చెప్పండి. లైసెన్సు ఉన్నవాడైతే నేను..."

"వాడికి లైసెన్సు లేదు."

"పేరు చెప్పండి."

"గిరిధరరావు."

"నేనా?"

"నువ్వే. ఆగస్టులో ఒక ఆదివారం భోజనానికి వచ్చినావు. పప్పు బాగుందని రెండోసారి ఏసుకున్నావు. చెయ్యి కడుక్కుంటా కిటికీలోంచి సూసి, ఈశాన్యంలో అంత ఇనుము పెట్టారేటి బాబాయ్, ఇల్లాలికి అనారోగ్యం, నైరుతిలో ఉండాలి అన్నావు. డాలీ మంచం మీద ఉంది. తలుపు తీసుంది."

"అది... అప్పటికి చీకటి పడింది కదా. టీవీ యాంటెన్నా అనుకున్నాను."

"యాంటెన్నా అయితే అనారోగ్యమే?"

"మీ ప్లాను నేను ఉద్యోగంలో చేరకముందు పాసయింది బాబాయ్. నేను చూళ్ళేదు. ఏదో భోజనం దగ్గర మాట."

"భోజనం దగ్గర మాటే. ఆదివారం వచ్చినోడు ఒకడు, సోమారం వచ్చినోడు ఇంకొకడు. ఇద్దరికీ ఒకటే మొహం ఎందుకు పెట్టినాడో దేవుడు."

"పోనీ ఇంగ్లీషులో మాట్లాడుకుందామా? మీకూ సులువు, నేనూ రూలు సరిగ్గా..."

"వద్దు. ఇంగ్లీషులో అడిగితే నువ్వు ఆఫీసు జవాబే ఇస్తావు. నా తెలుగు మా అమ్మ తిట్టిన తిట్లకాడ ఆగిపోయింది, అయినా తెలుగులోనే అడుగుతాను. ఆదివారం వోడు కావాల నాకు."

"రూలు రూలే కదా బాబాయ్."

"రూలు సంగతి నాకు సెప్పకు. చెరుకు మిల్లు కూలీల బారక్సులో పుట్టినాను నేను. జింకు రేకుల కింద వరసగా గదులు. కొండ మీద మేనేజరు బంగళాకి స్తంభం ఉండేది, మెరిసేది. మా వరసకి ఎవడైనా ఒక మేకు కొట్టినాడా? ఉరిమితే మా అమ్మ అద్దాలకి గుడ్డ కప్పేది. కత్తి, గరిట దాచేసేది. అదే మా రూలు. ఇప్పుడు మనకీ ఓటు వచ్చింది, ఎక్కడైనా భూమి కొనుక్కోవచ్చన్నారు, ఒక తెల్లోడి ఇల్లే కొనుక్కున్నాను. ఇంటితో పాటు రూలు కూడా వచ్చింది. అప్పుడు ప్రాణం పోతుంటే రాలేదు, ఇప్పుడు ఓపిక పోయినాక వచ్చింది."

"మీరన్నది నిజమే. కానీ పిడుగుకి ఇవన్నీ తెలీవు."

"తెలీదు. అందుకే నిన్ను కేకేసినాను."

"మీరు కేకెయ్యడమేమిటి, తనిఖీకి తేదీ నేనే ఇచ్చాను."

"ఇచ్చినావు. వద్దంటే ఇంకో నెల జరుపుకునేవోణ్ణి. రమ్మన్నాను. నాకూ నిద్ర లేదు బాబూ. రోజూ మజ్జాన్నం ఆ కొండల మీద నల్లగా లేస్తంది. దాన్ని సూస్తాను, తరవాత డాలీ గది కప్పు సూస్తాను."

"అయితే వెనక్కి పెట్టించండి. ఒక్క రోజు పని. నేనే మనుషుల్ని పంపుతాను, రేపే."

"అలాగనుకో. రేపు పొద్దున్న డాలీ కిటికీ తీస్తాది. ఆ మూల స్తంభం ఉంటాది. తరవాత ఏటి?"

"తరవాత ఏముంది?"

"నీకు తెలీదు. కడుపులో గడ్డ తీసినారు డర్బన్‌లో. గడ్డ పోయింది, పుండు మానింది, ఇంక లేచి తిరగమన్నారు. లెగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. గంజి పెడితే పక్కకి నెట్టేది. ఏటి నొప్పి అంటే నొప్పి లేదు అనేది. మరెందుకు లెగవంటే, ఎందుకు లెగాల అనేది. పూజారి వచ్చినాడు. సైకాలజీ అమ్మాయి వచ్చింది. నేను బతిమాలినాను, తిట్టినాను. లెగలేదు."

"నాకు చెప్పలేదు మీరు ఇదంతా."

"నువ్వు ఇనుము గురించి సెప్పి ఎల్లిపోయినావు. ఆ రేత్రి డాలీ నా ఏపు తిరిగింది. నేను బాగుపడకపోతే తప్పు నాది కాదన్నమాట, ఆ స్తంభానిది అన్నాది. ఎన్నాళ్ళకో నా మొహం సూసి మాట్లాడింది. మర్నాడే పీకించినాను. పాతిన రోజు సాయంత్రం లేచి వచ్చి ఇదే అరుగు మీద కూకుంది. టీలో పంచదార తక్కువన్నాది. ఇప్పుడు సెప్పు. రూలు సెప్పు."

"రెండు స్తంభాలు పెడితే? ఇది ఇక్కడే ఉండనిచ్చి..."

"రెండోది ఏ మూల?"

"ఈశాన్యంలోనే."

"మరి."

"ఇటు పక్క సెప్టిక్ ట్యాంకు. అటు రోడ్డు. ఇంకెక్కడా జాగా లేదు, అప్పటి ఇంజనీరు చూసే పెట్టాడు. పిన్నిగారికి తెలియకుండా..."

"అంత పొడుగు ఇనుము తెలియకుండా ఎలాగ పెడతావు, సీర కడతావా?"

"నేను మాట్లాడతాను. వాస్తూ గీస్తూ అంతా ఉత్తిదే, నాకే సరిగ్గా తెలీదు అని చెప్పేస్తాను."

"సంపేస్తాను."

"బాబాయ్."

"ఉత్తిదే అంటే, లేచినదీ ఉత్తిదే అవుతాది. మళ్ళీ గోడ వైపు తిరుగుతాది. ఆ మాట అనకు. ఏం సదివినావు నువ్వు అది? పెద్ద గురువు దగ్గరా?"

"మా బావమరిది పుస్తకం పంపాడు. పల్చటిది. హైదరాబాదులో ఇప్పుడు అందరికీ అదే. గేట్లు మార్చేస్తున్నారు, మెట్లు పగలగొట్టేస్తున్నారు."

"నువ్వు నమ్ముతావా?"

"నమ్మకమని కాదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో మీ వాళ్ళెవరూ నాతో మాట్లాడేవారు కాదు. ఉద్యోగాల కోసం వచ్చాడు అన్నట్టు చూసేవారు. ఒకరోజు గుడిలో ఎవరితోనో వాస్తు గురించి రెండు ముక్కలన్నాను. అంతే, కుర్చీ వేశారు."

"కుర్చీ కోసం."

"మీరు ఎలా అనుకుంటే అలా."

"మేం నూరేళ్ళకి పైన ఈ దేశంలో ఉన్నాం, ఈశాన్యం అన్న మాట ఇనకుండా. ఓడ దిగినోళ్ళు దేవుణ్ణి తెచ్చుకున్నారు, మునక్కాడ విత్తనం తెచ్చుకున్నారు. మూలలు అక్కడే వదిలేసినారు. నువ్వు ఇమానంలో తెచ్చినావు. కోపం వచ్చిందా?"

"లేదు. ఆలోచిస్తున్నాను. బాబాయ్, ఇక్కడ ఎండ ఏ వైపు నించి పోతుంది?"

"ఉత్తరం నించి. నీకు తెలీదా?"

"మాకు అక్కడ దక్షిణం వైపు నించి పోతుంది. ఆ పుస్తకం రాసింది ఆ ఎండకి. ఈ దేశంలో సూర్యుడు అటు నించి నడుస్తాడు కాబట్టి ఉత్తరం, దక్షిణం తారుమారు. అంటే మీ ఈశాన్యం ఇక్కడ ఈశాన్యం కాదు. ఆగ్నేయం."

"అంటే?"

"ఆగ్నేయం అగ్ని మూల. పిడుగు అగ్ని. పిడుగుల స్తంభం అక్కడే ఉండాలి. శాస్త్ర ప్రకారమే."

"ఇది కూడా పుస్తకంలో ఉందా?"

"లేదు. ఇప్పుడే వచ్చింది."

"ఎంత తేలిగ్గా వస్తంది బాబూ నీకు."

"మీరే కదా ఆదివారం వాడు కావాలన్నారు."

"అన్నాను. అదుగో, మంచం సప్పుడు. లేచింది. నవ్వుతా సెప్పు. తప్పయిందని మాత్రం అనకు."

"అనను."

"ఎవరు, రావు బాబేనా? గొంతు ఇని లేచినాను. ఈయన టీ అయినా ఇచ్చినాడా?"

"ఇప్పుడే వచ్చాను పిన్నిగారూ. కూర్చోండి. మొహం తేటగా ఉంది."

"నీ సలవే. రెండు ఇడ్లీ తింటన్నాను పొద్దున్న. మీరిద్దరూ ఏటి, పోలీసుల్లాగ అలా కూకున్నారు?"

"డాలీ, రావు నీతో ఒక మాట సెప్తాడంట."

"సెప్పు బాబూ."

"ఆ స్తంభం గురించి పిన్నిగారూ. నేను మళ్ళీ లెక్క చూశాను. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నించి నడుస్తాడు కదా. కాబట్టి మూలలు మారతాయి. అది ఈశాన్యం కాదు, అగ్ని మూల. అక్కడే ఉంటే ఇంటికి మంచిది."

"మరి అక్కడి నించి తీసినాకే గదా నేను లేచినాను."

"అది... పాతినవాళ్ళు ముహూర్తం చూడలేదు, ఆ దోషం ఉండిపోయింది. ఒకసారి కదిపితే దోషం పోతుంది. పోయింది కూడా. ఇప్పుడు మంచి రోజు చూసి తిరిగి అక్కడే నిలబెడితే, మీ ఆరోగ్యం ఇలాగే నిలబడుతుంది."

"అలాగా."

"అలాగే డాలీ. నేనూ అడిగినాను. రెండు మూడుసార్లు అడిగినాను."

"నువ్వెందుకు అంత కంగారు పడతావు? రావు బాబు సెప్తే నాకు సాలు. పెట్టించు."

"రేపే పెట్టిద్దామా?"

"రేపే పెట్టించు. ఎండ మాట నాకూ తట్టలేదు సూడు. అయితే బాబూ, ఆ మాట వాళ్ళకి కూడా నువ్వే సెప్పాల. నేను సెప్తే తప్పు సెప్తాను."

"ఎవరికి పిన్నిగారూ?"

"గుడి దగ్గర వాళ్ళకి. ఇన్నాళ్ళు మంచం పట్టినదాన్ని నడిచి గుడికొస్తే అందరూ అడగరా మరి, ఏటి సేసినావు డాలీ అని? ఇనుము కదిపినాం అన్నాను. అది ఇని పర్ల్ తన ఇనప మంచం అమ్మేసింది. సిరిల్ గేటు పీకేసినాడు."

"గేటు, మంచం పరవాలేదు లెండి. స్తంభాలు ఎవరూ కదపలేదు కదా? గడ్డి ఇళ్ళవాళ్ళు?"

"ఇళ్ళవాళ్ళెవరూ లేరు. గుడి వెనక పిల్లల క్రెష్ ఒకటే గడ్డి."

"క్రెష్ స్తంభం నేనే పాస్ చేశాను, జూన్‌లో. అది బాగానే ఉంది."

"బాగానే ఉండేది. కానీ అదీ ఈశాన్యమే గదా. పసిపిల్లలు పడుకునే సోటు, ముందు అక్కడ కదపాల అన్నారు కమిటీ వాళ్ళు. శుక్రారం కమిటీలో కోలిన్ తన బక్కీ బండి తెచ్చి పీకించినాడు."

"డాలీ, నాతో సెప్పలేదేటి?"

"నువ్వు ఈ మధ్య ఎప్పుడు సూసినా ఆకాశం ఏపు సూస్తా కూకుంటన్నావు, ఏటి సెప్పాల?"

"పిన్నిగారూ, పీకి ఎక్కడ పాతారు?"

"పాతలేదు బాబూ. నైరుతిలో పిల్లల ఉయ్యాల ఉంది, జాగా లేదు. గోడకి ఆనించి పెట్టినారు. ఆదివారం నువ్వు గుడికి వస్తావు గదా, నిన్ను అడిగి పాతుదామని ఆగినారు."