జగ్గారావు ఊదిన పెద్ద ఫ్లూటు

మల్కాపురంలో పైడితల్లి టీ బడ్డీ ముందు జగ్గారావు కూర్చున్నాడంటే బల్ల మీద ఇంకొకరికి జాగా దొరకదు. పోర్టులో పాతికేళ్ళు క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆ వేళ వాన కూడా పట్టుకోవడంతో ఎవరూ కదల్లేదు.

"నాను ఫ్లూటు ఊదీవోణ్ణంటే మీరు నమ్మరు గానీ ఇనండి. తొంబైల్లో, స్టీల్ ప్లాంటుకి బొగ్గు తెచ్చిన ఓడలో ఒక తెల్లోడుండీవోడు, వంటోడు, ఆడి పెట్టె నిండా ఫ్లూట్లే. జానెడు పిల్ల ఫ్లూటొకటి, పికోలో అంటారట, ఊదితే పిచ్చిక అరిసినట్టుంటది. దాన్ని గంటలో నేర్సీసినాను."

"గంటలోనా?" అన్నాడు పక్కనే కూర్చున్న అతని బావ గురునాథరావు.

"అరగంటే. నువ్వు నమ్మవని గంటన్నాను. అసల్దింకోటుంది బావా. ఇద్దరు మోసుకొచ్చినారు. నాకంటే జానెడు పొడుగు, మెడ కాడ మడతెట్టిన ఎండిరంగు గొట్టం, నిలబెట్టి ఊదాల. ఫ్లూట్లన్నిటికీ ముత్తాతనుకో. ఊదినాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? కొండ మీద లైట్‌హౌసు పట్టపగలు ఎలిగింది!"

"ఎవడో స్విచ్చి నొక్కుంటాడు."

"పోనీ అలాగే అనుకో. మరి బయట లంగరేసిన పదకొండు ఓడలు ఒక్కసారే హారన్ కొట్టినాయి, దానికేటంటావ్? కంచరపాలెం గేటు కాడ గూడ్సు ఆగిపోనాది! ఇంతలో తుపానన్నారు. ఓడల్ని నడిసముద్రంలోకి పొమ్మన్నారు. తెల్లోడు ఆ ఫ్లూటు నా సేతిలో ఎట్టి, 'జగ్గా, నీ కాడుంటేనే బద్రం' అనీసి ఎల్లిపోనాడు. సేపలకెల్లిన మన బోట్లేమో ఇంకా రాలేదు. గాలి, వాన, మద్దేనమే సీకటి. నాను జెట్టీ సివర నిలబడి ఊదినాను బావా. లేసిన కెరటం లేసినట్టే ఆగిపోనాది. దాని కిందనుంచి ఒకదాని ఎనక ఒకటి బోట్లొచ్చినాయి. ఇరవై. కాదు, నలబై. ఒక్కడంటే ఒక్కడు పోలేదు."

ఎవరూ నవ్వలేదు. గురునాథరావు తల దించుకుని గ్లాసులోకి చూశాడు.

పైడితల్లి స్టవ్వు ఆపేసింది. "అన్నియ్యా, మా ఇంటాయన బోటు ఆ తుపానుకే కదా పోయింది. ఆయనకి ఇనపడలేదేటి?"

జగ్గారావు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"లేదు సెల్లీ," అన్నాడు. "అంత గొట్టానికీ గొంతు లేదు. ఎంత పెద్దదైతే అంత మెత్తగా పలుకుద్దని తెల్లోడు ముందే సెప్పినాడు. ఆ గాలిలో నా పక్కనున్నోడికే ఇనపడలేదు."

"మరి ఊదినావా?"

"ఊదినాను. పెదాలు పగిలి రత్తం ఒచ్చీదాకా."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అతని ముఖంలోకి చూసింది. "ఇన్నేళ్ళలో అదెప్పుడూ సెప్పలేదేటి?"

"అలా సెప్తే కతలో కూడా ఎవరూ తిరిగి రారు కదా సెల్లీ."