తప్పు మెషిన్‌దే

స్కానింగ్ గదిలో ముగ్గురు: డాక్టరమ్మ, బల్ల మీద ఐదో నెల గర్భిణి, పక్కన ఆమె మొగుడు. ఆ మొగుడుగారే ఆసుపత్రి మెషిన్లు బాగుచేసే మెకానిక్కు. తంటా అంతా అక్కడే వచ్చింది.

"లేదు డాక్టరమ్మా, తప్పు మెషిన్‌దే. ఇంకోసారి ఆపి మళ్లీ వేస్తా."

"మూడుసార్లు ఆపి మళ్లీ వేశారు. మూడుసార్లూ అదే కనిపించింది. బిడ్డకి బొడ్డు పక్కన పొట్టగోడలో సందుంది. అందులోంచి పేగులు బయటికొచ్చాయి."

"వైరు లూజై ఉంటుంది."

"వైరు కూడా మార్చారు కదండీ!"

"నువ్వూరుకో. కదలకుండా పడుకో."

"నేనెక్కడ కదిలాను? కదిలేది మీరూ, మీ స్క్రూడ్రైవరూను. డాక్టరమ్మా, మీరు చెప్పండి. బిడ్డ బతుకుతుందా?"

"పదిమందిలో తొమ్మిదిమందికి పైనే బతుకుతారమ్మా. కాకపోతే కాన్పు ఇక్కడ కాదు, పిల్లల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రిలో జరగాలి. పుట్టగానే పేగుల్ని శుభ్రమైన సంచిలో కాపాడి, మెల్లిగా లోపలికి సర్ది కుట్టేస్తారు. ఇద్దరూ ఈ కాయితం మీద సంతకం పెడితే ఇవాళే రాసి పంపుతాను."

"నేను పెట్టను. పాడైన మెషిన్ మాట విని సంతకమేంటి?"

"పాడైందో లేదో ఎలా తేలుతుందయ్యా?"

"వేరే పొట్ట మీద పెట్టి చూడాలి."

"అయితే చొక్కా ఎత్తి ఆ రెండో బల్ల మీద పడుకోండి."

"నేనా? నాకేమైనా కడుపా?"

"పేగులైతే ఉన్నాయిగా! పడుకోండి బాబూ, నాకు భయంతో ప్రాణం పోతోంది."

"అబ్బా! ఈ జెల్లీ ఇంత చల్లగా ఉంటుందా?"

"నాకూ అంతే చల్లగా ఉంది. ఎప్పుడైనా అడిగారా?"

"చూడండి, మీ పేగులు లోపలే ఉన్నాయి. మెషిన్ లక్షణంగా ఉంది. ఆగండాగండి... మీ బొడ్డేదీ?"

"లేదు. చిన్నప్పుడు గడప మీద పడ్డానట. కుట్లేశారట."

"నాతో కుక్క కరిచిందన్నారు!"

"కొత్త పెళ్లానికి గడప మీద పడ్డానని ఏం చెప్పను?"

"ఎన్నో నెలలో పడ్డారు?"

"నెల కాదు, పుట్టిన రోజే. ఆసుపత్రి వాళ్లు రెండు నెలలు ఉంచుకుని అప్పుడు ఇంటికి పంపారని అమ్మ చెప్పింది."

"ఇంటికే రాని పసికందు ఏ గడప మీద పడ్డాడయ్యా?"

"అదీ... అంటే, నా పేగులు కూడా..."

"అవి సర్దిన కుట్లే ఇవి. అప్పట్లో ముందే చూసే స్కానింగులేవీ? మీ అమ్మగారికి కాన్పు గదిలోనే తెలిసుంటుంది."

"సంతకం ఎక్కడ పెట్టాలి డాక్టరమ్మా?"

"ముందు ఆ ఫోన్ ఇటివ్వండి. అత్తయ్యతో మాట్లాడాలి."

"అబద్ధం చెప్పిందని మా అమ్మని ఏమీ అనకే."

"అనడానిక్కాదండీ. నాకింకా నాలుగు నెలల టైముంది, ఆవిడకి అప్పుడు నిమిషం కూడా దొరకలేదు. ఎలా తట్టుకున్నారో అడుగుతాను."