అడుగు స్లాట్

"ఇది మూడో సౌండ్ కార్డు, బాబాయ్ గారూ. ఇదీ పనిచెయ్యకపోతే రేపట్నుంచి షాపుకి రావద్దన్నాడు మా ఓనరు."

"అంత మాటన్నాడా?"

"అనడా మరి! కౌంటర్లో అమ్మాయి పాడైపోయిన సరుకు అంటగడుతోందని మీరు రెండు పేజీల ఉత్తరం రాస్తే?"

"రెండు కాదు, ఒకటిన్నర. నాకు కోపమొస్తే భాష ధారగా వస్తుందమ్మా. బుర్ర మాత్రం రాదు."

"సరే, కంప్యూటర్ పక్క రేకు తియ్యండి, చూద్దాం... అబ్బో! పైన ఈ గ్రాఫిక్స్ కార్డేంటి, ఇంత లావుంది?"

"తగ్గింపు ధరకి ఇస్తుంటే కొన్నా. దాని మీద నేను ఆడేది పేకాట ఒక్కటే."

"దీని ఫ్యాన్లు కింది స్లాట్‌ని పూర్తిగా కప్పేశాయి. కార్డులు పెట్టే స్లాట్లు మూడింట్లో ఒకటి నిండింది, ఒకటి మూతపడింది."

"అందుకే కదా, సౌండ్ కార్డుని అడుగు స్లాట్లో పెట్టింది! సోమవారం నుంచి మా ఆవిడ ఇంట్లోంచే ఆన్‌లైన్లో సంగీతం పాఠాలు చెప్పాలి. నెల్లాళ్లుగా రేపు, రేపు అంటున్నా. ఇప్పుడు నాతో సైగలతోనే మాట్లాడుతోంది."

"స్లాట్లో బాగానే కూర్చుంది. ఆన్ చెయ్యండి... ఊహూ. కార్డున్నట్టే తెలియడం లేదు దీనికి."

"చూశావా! నేనన్లా—"

"ఆగండాగండి. ఇక్కడ ఫైళ్లు దాచుకునే ఈ చిన్న డ్రైవ్ ఎవరు పెట్టారు?"

"నేనే! సొంతంగా! ఒకే ఒక్క స్క్రూ. మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించా."

"ఎప్పుడు?"

"మొదటి కార్డు కొనడానికి ముందు రోజు. ఏం?"

"డ్రైవ్ పెట్టడానికి పైన ఇంకో చోటుందిగా. అక్కడ పెట్టలేదేం?"

"అక్కడ వేడి లాగే బిళ్ల తియ్యాలి. నాలుగు స్క్రూలు. నా ప్రావీణ్యం ఒక స్క్రూ దగ్గరే ఆగిపోయింది."

"ఇవన్నీ బిగించిన ఈ మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం ఉందా?"

"ఇదిగో. తెలుగుది. అక్షరం అక్షరం నాకు కంఠస్థం. ఇందులో దీని గురించి ఏం లేదు."

"నిజమే, లేదు. ఉండండి, ఫోన్లో ఇంగ్లీషుది తీస్తా... ఇదిగో! కిందున్న ఈ రెండో చోట డ్రైవ్ పెడితే అడుగు స్లాట్ పనిచెయ్యదట. బోర్డులో రెండింటికీ దారి ఒక్కటే. డ్రైవ్ ఆక్రమించుకుంటే కార్డుకి దారి లేదు."

"అలా... ఉందా?"

"నక్షత్రం గుర్తు పెట్టి మరీ ఉంది. తెలుగులో చూడండి, నక్షత్రం ఉంది, దాని కింద మాటే లేదు!"

"మంచినీళ్లు తాగుతావా, అమ్మా?"

"వద్దండీ. ఎవడో గానీ ఈ తెలుగు చేసిన మహానుభావుడు—"

"పేజీలో పట్టి ఉండదు."

"పట్టకపోతే కొట్టేస్తాడా?"

"ఒక్క లైను కోసం ఇంకో పేజీ ఎందుకు, చిన్న అక్షరాలు ఎవరు చదువుతార్లే అనుకుని... అంటే, అనుకుని ఉంటాడు. చల్లటివి ఇవ్వనా?"

"నాకు నీళ్లొద్దండీ! ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ఇవాళ బస్సులో ఏడుస్తూ వచ్చా, తెలుసా? వాడు కొట్టేసిన ఆ ఒక్క లైనూ నా ఉద్యోగమండీ."

"క్షమించమ్మా. ఇదిగో, స్క్రూడ్రైవరు."

"మీరేం బాధపడకండి, మీకేం తెలుసు పాపం. డ్రైవ్ పైకి మార్చేశా. ఇప్పుడు నొక్కండి... అదిగో, మోగింది! వెనక్కిచ్చిన ఆ రెండు కార్డులూ మంచివేనన్నమాట."

"మీ ఓనరుకి ఫోన్ కలుపు."

"ఎందుకండీ, ఉత్తరం వెనక్కి తీసుకుంటే చాలు."

"కలుపమ్మా... హలో, నమస్కారమండీ. ఆ ఒకటిన్నర పేజీ రాసినవాణ్ణి. మీ కార్డులు మూడూ బంగారం. మీ అమ్మాయి అంతకన్నా బంగారం. ఆమెని ఒక్క మాటన్నా ఊరుకోను. తప్పంతా బోర్డుతో ఇచ్చిన తెలుగు పుస్తకానిది, అందులో ఒక లైను ఎగిరిపోయింది... ఏమిటీ? దాన్ని తెలుగు చేసిన వెధవ మీద కూడా ఒక ఉత్తరం రాయమంటారా? అక్కర్లేదండీ. మీరు వాడితోనే మాట్లాడుతున్నారు."