పగడాలకు సంబంధాలు చూసిన మనిషి

ఇక్కడికి వచ్చిన పెద్దలకు, మా ల్యాబ్ మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న సీతాబాయమ్మకు నమస్కారం. అమ్మా, మీ బిడ్డ కృష్ణప్రియ మంగళవారం మనల్ని విడిచి వెళ్లింది. ఈ మాట మైకు ముందు చెప్పాల్సి వస్తుందని ఈ గోవిందప్ప ఏనాడూ అనుకోలేదు. ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నవాణ్ణి నేను. ఆమె కంటే ముందు వెళ్లాల్సినవాణ్ణీ నేనే.

సముద్రం లేని ఊళ్లో, ఈ హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య కూర్చుని పగడాల జన్యువులు చదివిన బోరబండ పిల్ల ఆమె. మేం పగడాలు పెంచే ద్వీపం నుంచి వచ్చిన పగడపు ముక్కల డబ్బాను సికింద్రాబాద్‌లో తీసుకుని, ఎంఎంటీఎస్ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చేది. ఒకసారి పక్కావిడ "చేపల పచ్చడా బిడ్డా?" అని అడిగిందట. "కాదు పెద్దమ్మా, పగడాలు. వీటికి సంబంధాలు చూస్తున్న" అన్నదట మా పిల్ల. ఇక మాటల్లో పడి, దిగాల్సిన స్టేషన్ దాటి లింగంపల్లి దాకా పోయింది.

ఏమిటా సంబంధాలు? సముద్రం వేడెక్కి ఆ ద్వీపం చుట్టూ పగడాల దిబ్బ చచ్చిపోయింది. ఒక్క పగడం మాత్రం తట్టుకుని నిలిచింది. కృష్ణప్రియ దాన్నే ఎంచుకుని, దాని కొమ్మలనే దిబ్బంతా నాటించింది. ఏపుగా పెరిగాయి. ఏటా పౌర్ణమి దాటాక అన్నీ ఒక్కసారే గుడ్లూ వీర్యమూ నీళ్లలోకి వదిలాయి. పిల్ల పగడం మాత్రం ఒక్కటీ పుట్టలేదు. ఎందుకు పుడుతుంది? అన్నీ ఒకే పగడం ముక్కలు. ఆ జాతిలో తన గుడ్డు తనతో ఫలించదు.

ఇది తెలియక, దిబ్బ బతికిందని మేం ఈ హాల్లోనే విజయోత్సవం పెట్టాం. ఫ్లెక్సీ కట్టాం. అతిథులు వచ్చి కూర్చున్నారు. గుడ్లు ఫలించాయా అని చేసిన పరీక్ష ఫలితం అప్పుడే చూసి వచ్చిన కృష్ణప్రియ, "జర ఆగుండ్రి సార్. అది తోట కాదు, ఒక్కటే చెట్టు. తప్పు నాదే" అని అందరి ముందూ చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం ఫ్లెక్సీ తాళ్లు తనే విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చింది. అంత నిబ్బరం ఎక్కడిదమ్మా మీ బిడ్డకు?

ఆ తర్వాత దూరపు దిబ్బల పగడాలను పోల్చి చూసి, చుట్టరికం లేనివాటి కొమ్మలు తెప్పించి, పాతవాటి పక్కన నాటించింది. ఇంతలో జబ్బు పడింది. దవాఖాన మంచం మీద నుంచి ద్వీపంలో ఉండి దిబ్బను చూసుకునే మా అశ్వినికి రోజూ ఫోన్ చేసేది. "పిల్లలు కనబడ్డయా?" అదొక్కటే ప్రశ్న. లేదక్కా అని చెప్పి, ఫోన్ పెట్టేసి ఏడ్చేది అశ్విని. అబద్ధం చెబుదామా అంటే, కృష్ణప్రియ ఫొటో అడిగే రకం.

మిత్రులారా, నిన్న అశ్విని నీళ్లలోంచి బయటికి వచ్చి నాకు ఫోన్ చేసింది. రాళ్ల మీద ఆవగింజంత పగడాలు అతుక్కుని ఉన్నాయట. వాటి తల్లెవరో, తండ్రెవరో ఇంకా పరీక్ష చేయాలి. చేస్తాం. కానీ ఇన్నేళ్లూ పుట్టనివి ఇప్పుడు పుట్టాయి. మంగళవారం పోయిన మనిషికి నిన్నటి కబురు ఎలా చేరుతుంది? నాకు తెలియదు. చెప్పకుండా ఉండటం కూడా నా వల్ల కాదు.

దయచేసి అందరూ లేచి నిలబడండి. కాసేపు మౌనంగా ఉందాం. ఆ మౌనంలో ఎవరి మనసులో వారు ఆమెకు ఒక్క మాట చెప్పండి. కృష్ణప్రియా, పిల్లలు పుట్టాయమ్మా.