మూడో నంబరా, ఎనిమిదో నంబరా

కర్నూలులో ఓబుళేశు ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం. భోజనం కాగానే మళ్లీ హార్మోనియం ముందేసుకుని, ఫోను చేతబట్టుకుని ఆయనగారు జడ్జీగిరీ వెలగబెడుతున్నాడు. పక్కన భార్య శివజ్యోతి చాట నిండా అనపకాయలు పోసుకుని ఒలుస్తోంది.

“ఇంకొకసారి ఇను జ్యోతీ. ఎనిమిదో నంబరు. కండ్లు మూసుకోని ఇను.”

“నేను కండ్లు మూసుకుంటే ఈ కాయలు ఎవరు ఒలుస్తారు? పొద్దున్నుంచి అదే గదా ఇంటాండా. బాగుండాది. మూడో నంబరు ఇంకా బాగుండాది. అయిపాయ, రాసి పంపీ.”

“అయిపాయ అంటే అయిపోతాదా? జడ్జీ అంటే ఎంత బాధ్యత! మిగతా ఇద్దరు జడ్జీల్లో ఒకరు మూడుకు ఇచ్చినారంట, ఒకరు ఎనిమిదికి ఇచ్చినారంట. ఇంక నేను యాడ మొగ్గితే ఆడ ఫస్టు.”

“వాట్సాప్‌లో పాతపాటల పిచ్చోళ్లంతా చేరి పెట్టుకున్న పోటీ. గెలిచినోళ్లకు ఇచ్చేది ఏంది? ఫోన్లో పూలగుత్తి బొమ్మ. దానికి నువ్వు హైకోర్టు జడ్జీ మాదిరి మొగం పెట్టుకోని కూచున్యావు.”

“బొమ్మయితే ఏమి? ఎవరి గొంతు ఎంత కిందికి దిగుతాది, ఎంత పైకి ఎక్కుతాది అనేది ఊరికే తేలేదా? హార్మోనియం మెట్లు పట్టుకోని, కింద యాడ మొదులు, పైన యాడ ఆఖరు, నడమ ఎన్ని మెట్లు అని చూడల్ల. అందరూ చేసే పని కాదు.”

“ఆ రెండో నంబరుకు గూడా చూసినావా మెట్లు?”

“వాడు గొంతు సవరించుకునేసరికే రికార్డింగు అయిపాయ. ఎక్కలే, దిగలే.”

“ఐదో నంబరు?”

“పైకి ఎక్కినాడు గానీ దిగేదానికి దారి తెలీక ఆడనే ఉండిపాయ. వాళ్ల సంగతి ఇడ్చిపెట్టు. ఉండేది రెండే గొంతులు. మూడు, ఎనిమిది.”

“వాటికి మెట్లు చూసినావు గదా. ఏమొచ్చినాది?”

“వచ్చినాది.”

“ఏమొచ్చినాది అంటే వచ్చినాది అంటావేంది?”

“మూడుకు... ఒక మెట్టు ఎక్కువొచ్చినాది.”

“మరింకేం? మూడుకు ఫస్టు.”

“అది కాదు మే. ఎనిమిదో దాంట్లో ఆఖర్న ఇను. ఇంకా పైన సన్నగా ఒక కూత ఉండాది. దాన్ని గూడా కలుపుకుంటే...”

“అది కుక్కరు విజిలయ్యా!”

“విజిలా?”

“వాళ్లింట్లో పప్పు ఉడుకుతాండాది. దానికి మార్కులేస్తే కుక్కరుకే ఫస్టు ఇయ్యాల్సొస్తాది.”

“సరే, విజిలు తీసేద్దాం. అయినా ఆ మూడో నంబరుది గూడా ఒక గొంతేనా? కుండలో తలకాయ పెట్టి పాడినట్టుండాది. కిందికి దిగినప్పుడు మగోడేమో అనుకున్యా.”

“మెట్లు చూడమని పెట్టినారు నిన్ను, కుండలు చూడమని కాదు. పొద్దున్నుంచి చూస్తాండా, ఎనిమిదిని ఎత్తేదానికి, మూడును దించేదానికి కిందామీదా పడతాండావు. ఏమయ్యా, ఇట్ల నా దిక్కు చూడు. ఎవరు ఆ ఎనిమిది?”

“నాకేం తెలుసు? పేర్లు మహానందికి తప్ప ఎవరికీ తెలీవు. గ్రూపు నడిపేది ఆయప్ప. మాకిచ్చేది నంబర్లే.”

“పేరు తెలీదు. ఒప్పుకున్యా. గొంతు?”

“గొంతంటే... ఆ చాట ఇట్ల జరుపు, నేను గూడా రొన్ని ఒలుస్తా.”

“పుట్టి బుద్ధెరిగినాక ఒక కాయ ఒలిచినావా నువ్వు? చెప్పు.”

“అక్క.”

“వదినా? నాగలక్ష్మమ్మ వదినా?”

“నాకు ఎంతమంది అక్కలుండారు? పైమెట్టుకు పోయేముందు గొంతును రవ్వంత ఊపి, జారి, మళ్లా ఎక్కుతాది చూడు, ఆ ఊపు మా అక్క సొత్తు. చిన్నప్పుడు చేన్లో ఆడుకుంటాంటే బువ్వకు అట్లే పిలిచేది. ఆత్మకూరంతా గాలిచ్చినా ఆ ఊపు ఇంకొకరికి రాదు.”

“అయ్యో దేవుడా! పోయినేడాది కథ మళ్లా వచ్చినాదా?”

“అదే కథ. అప్పుడు గూడా ఒక్క మెట్టే తక్కువ. నేను ఉండేది ఉన్నట్టు రాసిస్తి, రెండో స్థానం వచ్చినాది. ‘తోడబుట్టినోడే జడ్జీగా కూచోని నన్ను రెండో వరసలో కూచోబెట్టినాడు’ అని అలిగినాది. ఏడాదాయ. నాతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు!”

“మాట్లాడలే గానీ, పెట్టడం మానిందా? పోయిన నెల పోతే నాటుకోడి కోసి పెట్టినాది. ‘ఇంకా రవ్వంత కూర ఏసుకుంటారేమో అడుగు’ అని గోడకు చెప్పినాది.”

“నవ్వాకు. నాకు ఆ కూర గొంతు దిగలే.”

“రెండు మార్లు ఏయించుకున్యావు గదా.”

“ఆకలి వేరు, బాధ వేరు.”

“సరేలే. నాకు మాత్రం బాధ లేదా? గురువారం గృహప్రవేశం పెట్టుకున్యాం. కొత్తింట్లో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. వదిన రాకుంటే ఆ గిన్నె పొయ్యి మీద ఎవరు పెడతారు? పత్రిక ఇచ్చేదానికి పోతే తీసుకున్యాది, కుంకుమ పెట్టినాది, ‘చూస్తాంలే’ అన్యాది. వస్తానని మాత్రం అన్లేదు.”

“అందుకే గదా నేను ఇంత గుంజుకుంటాండేది! ఈసారి ఫస్టు వచ్చినాదనుకో, అలక తీరుతాది. అలక తీరితే వస్తాది. వస్తే పాలు పొంగుతాయి. ఒక్క మెట్టు, జ్యోతీ. ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే ఎవరికి నష్టం?”

“మూడో నంబరుకు.”

“ఆ మనిషెవరో మనకు తెలీదు గదా.”

“తెలీదని నోట్లో మన్ను కొట్టొచ్చా?”

“అంత మాట యాందుకు? పోనీ, ఇద్దరికీ సమానం అని రాస్తే?”

“రాయి. నాకు గూడా వదిన రావల్ల. నేనేమీ అనను.”

“రాస్తాండా.”

“ఊఁ.”

“ఇదో, రాసినా. మూడుకూ ఎనిమిదికీ సమానం.”

“పంపు మరి.”

“పంపుతా.”

“ఏం, యాందుకు నిలబెట్టినావు? సిగ్నలు లేదా?”

“సిగ్నలు ఉండాది. నొక్కబుద్ధి కాలే.”

“ఏమాయ?”

“అబద్ధం యాందుకు చెప్పల్ల నీతో? ఆ మూడో నంబరు కిందికి దిగుతాంటే నా ఒళ్లు జల్లుమన్యాది. ఆ కుండ మాట ఊరికే అన్యా. అంత లోతు ఊరికే వచ్చేది కాదు, ఎన్ని తెల్లారుజాములు లేచి సాధన చేసినారో. అంత కష్టపడి తెచ్చుకున్న మెట్టును నేను కూచోని కొట్టేస్తే, ఇంక ఈ హార్మోనియం ముట్టుకోబుద్ధి అవుతాదా? సొంత అక్కకే తప్పించని లెక్క. ఇప్పుడు యాందుకు తప్పల్ల? తుడిపేస్తాండా. మూడుకే ఫస్టు. ఎనిమిదికి రెండు.”

“మరి వదిన?”

“ఇంకో ఏడాది గోడకు చెప్పుకుంటాది.”

“పాలు?”

“నువ్వే పొంగించు.”

“నేనెట్ల పొంగిస్తా? నేను ఈ ఇంటి కోడల్ని!”

“ఏమో. పాలు వాటంతట అవే పొంగుతాయి, మంట పెడితే చాలు. పంపినా. అయిపాయ.”

“మంచి పనే చేసినావులే... ఏమయ్యా, ఏడుస్తాండావా?”

“అనపకాయ రసం కంట్లో పడినాది.”

“ఒక్క కాయన్నా ఒలిస్తే గదా పడేది!”

“నువ్వు లోపలికి పోయి టీ పెట్టు, పో.”

“పోతాలే. మహానంది పేర్లు పెట్టినాడేమో చూడు గ్రూపులో.”

“నేను చూడను. రెండో స్థానం పక్కన అక్క పేరు మళ్లా ఒకసారి చూడల్లంటే నా వల్ల కాదు.”

“అదో, ఫోను మోగుతాండాది. ఎవరు?”

“అక్క.”

“ఎవరూ?”

“అక్కే! జ్యోతీ, తిట్టేదానికే చేస్తాండాది. నువ్వు ఎత్తు.”

“నీకు చేస్తే నేనెత్తేదేంది? ఎత్తు. స్పీకరు పెట్టు, నేనూ ఇంటా.”

“హలో... అక్కా...”

“ఓబుళేశూ! నాయనా! బాగుండావారా? బువ్వ తిన్యావా?”

“తిన్యా అక్కా. తిట్టాకు. లెక్క లెక్కే గదా. ఒక్క మెట్టు తక్కువొచ్చినాది, నేనేం చేసేది చెప్పు.”

“తక్కువేందిరా? ఫస్టు ఇచ్చినావు గదా! మహానంది పెట్టినాడు గ్రూపులో, మూడో నంబరు, ఆత్మకూరు నాగలక్ష్మమ్మ అని. ఈడ వీధి వీధంతా వచ్చి పోతాండారు. పొయ్యి మీద పాలు లేవు, అందరికీ మజ్జిగ ఇస్తాండా.”

“మూడో నంబరా? మూడు... నువ్వా?”

“నేను గాక ఇంకెవరు? పైన ఒక మెట్టు తక్కువని పోయినేడాది నువ్వే గదరా రాసింది. ఈ వయసులో ఇంక పైకి యాడ ఎక్కేది? అందుకే ఏడాదంతా కిందికి దిగేది నేర్చుకున్యా. పశువులు గూడా లేవకముందే లేచి కూచునేదాన్ని. మీ బావ నాకు జలుబు చేసినాదేమో అని కషాయం కాచి ఇచ్చినాడు పాపం.”

“మరి ఆ ఎనిమిది?”

“ఎదురింటి సుంకమ్మ మనవరాలు హర్షిణి. నా తావనే నేర్చుకుంటాండాది. నా ఊపు ఉన్నదున్నట్టు దించేసినాది ముండ. సరేగానీ ఓబుళేశూ, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు.”

“అడుగక్కా.”

“నా గొంతు గుర్తుపట్టి, ‘అక్క అలిగినాది గదా, పోనీలే పాపం’ అని ఇచ్చినావా ఫస్టు? అట్లయితే నాకొద్దు. ఇప్పుడే మహానందికి చెప్పి హర్షిణికి ఇప్పిస్తా.”

“లే అక్కా, లే! కొత్తింటి మీద ఒట్టు! మూడు నువ్వని నాకు తెలిస్తే గదా? ఎనిమిదే నువ్వనుకున్యా. మూడో నంబరు ఎవరో మగోడేమో అనుకున్యా. కావాలంటే జ్యోతిని అడుగు!”

“నిజమే వదినా, నేను సాక్షి. కుండలో తలకాయ పెట్టి పాడినట్టుండాదని గూడా అన్యాడు.”

“జ్యోతీ, నువ్వు పోయి టీ పెట్టు!”

“కుండలో పాడినట్టుండాదారా?”

“అక్కా, అది కాదు...”

“చంకనేసుకోని పెంచినా నిన్ను. జోల పాడి పండుకోబెట్టినా. ఎదురింటి పిల్ల గొంతు ఇని అక్క అనుకున్యావు, అక్క గొంతు ఇని మగోడనుకున్యావు!”

“నువ్వు అంత కిందికి దిగుతావని నేను కలగన్యానా అక్కా? అక్కా... అక్కా! జ్యోతీ, పలకడం లే.”

“వదినా, మరి గురువారం...”

“వస్తా జ్యోతీ, బుధవారమే వస్తా. పాలు పొంగిస్తా, పాయసం వండుతా, మంగళహారతి గూడా నేనే పాడతా. నీ మొగునితో మాత్రం ఇంకో ఏడాది మాట్లాడను, చెప్పు వానికి!”