రెండో బ్రేకు

అలా చూడకండి. మానేశాననే చెబుతున్నాను కదా! మీ స్నేహితుడి దగ్గర ఇక నేను డ్రైవింగ్ నేర్చుకోను. ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

ఏమిటీ, నొచ్చుకుంటారా? నొచ్చుకోనివ్వండి.

అసలు ఆ కార్లో ఏం జరుగుతోందో తెలుసా మీకు? నేర్పే కారు కదా, ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆపదొస్తే తొక్కడానికి. అంతవరకూ నాకూ తెలుసు. తెలియనిదల్లా, పన్నెండు క్లాసులుగా ఆయన పాదం దాని మీద నుంచి దిగనేలేదని!

"భలే ఆపారమ్మా" అనేవారు. మురిసిపోయేదాన్ని. ఇంటికొచ్చి పిల్లలకి వడ్డిస్తూ, గరిటె పట్టుకుని గేర్లు మార్చి చూపించలేదూ?

సోమవారం ఆయన కాలు బెణికి కట్టుతో వచ్చారు. "ఇవాళ నా కాలు కదలదు, మీరున్నారుగా" అన్నారు నవ్వుతూ. ఎర్రలైటు పడింది. ఎప్పట్లాగే తొక్కాను. ఎప్పట్లాగే అంటే, ఆనీ ఆనకుండా. బండి ఆగితేనా! గీత దాటి, జనం నడిచే చారల మీదికి పోయింది; కంగారులో బలమంతా పెట్టి తొక్కితే అప్పుడాగింది. చేతికర్రతో ఒక ముసలాయన, బంపరుకి జానెడు దూరంలో నిలబడిపోయి నన్నే చూస్తున్నాడు. తిట్టలేదండీ. తిట్టినా బాగుండేది.

"ఇన్నాళ్లూ ఆపింది మీరా?" అని అడిగితే ఏమన్నారో తెలుసా మీ స్నేహితుడు? "ముందు ధైర్యం రావాలి కదమ్మా!"

వచ్చిందండీ, ధైర్యం వచ్చింది. బ్రేకు తొక్కడమే రాలేదు.

మీరు నేర్పుతారా? దండం పెడతాను, వద్దు. కారు సంగతి ఎలా ఉన్నా కాపురం మిగలాలి.

నేనే వెతుక్కున్నాను. ముగ్గురి దగ్గరికి వెళ్లి ఒకటే అడిగాను, "నేను నడుపుతుంటే మీ కాలు ఎక్కడ పెట్టుకుంటారు?" అని. ఒకాయన నవ్వేశాడు. ఇంకొకాయన పదిరోజుల్లో పాస్ చేయిస్తానన్నాడు. మూడో ఆవిడ, ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, నేరుగా ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లో రెండు కాళ్లూ మడిచి బాసింపట్టు వేసుకుంది!

పదిసార్లు ఆపాను. పదిసార్లూ ఇద్దరం ముందుకి తూలాం. "నీకేమీ రాదు. మూడు నెలలు పడుతుంది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆ మాట ఎంత హాయిగా ఉందో! ఇన్ని రోజుల్లో నాతో ఒకరు నిజం చెప్పారు.

తెలుసండీ, వచ్చే నెల మీరు ఓడెక్కితే ఆర్నెల్లు రారు. చంటిదానికి ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది నేనే. అందుకే మీ తొందర. కానీ పర్సులో లైసెన్సు ఉంటే కారు ఆగుతుందా, చెప్పండి? ఆ మూడు నెలలూ టాక్సీలో వెళ్తాను. గురువారం ఉన్న లైసెన్సు పరీక్ష రద్దు చేసుకున్నాను. పొద్దున్నే.

అరవండి, ఫర్వాలేదు. కాదు, ఆగండి. దీనికి కాదు, ఇంకో దానికి అరుద్దురుగాని.

ఆ సోమవారానికి ముందురోజే, ఆదివారం, మీరు స్నానానికి వెళ్లినప్పుడు చంటిదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి మన కారు తీశాను. వీధి చివరిదాకా. నాకు వచ్చేసిందనుకున్నాను మరి! చివర్లో కాస్త ఎత్తుంది చూడండి, అక్కడ బండి దానంతటదే ఆగింది. నేనే ఆపాననుకున్నాను. చంటిది వెనక నుంచి చప్పట్లు కొట్టింది.

ఆ క్షణాన ఎవరూ అడ్డం రాలేదు. అంతే. అందులో నా గొప్పేం లేదు.